గ్రీతో ముగిసే మూడో మాట: అసలు వాక్యం ఎవరికైనా గుర్తుందా?

అరసున్న:
రెండు రోజులుగా ఒక పొడుపు నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు. "జీ, ఆర్, వై అక్షరాలతో ముగిసే ఇంగ్లిషు మాటలు ఆలోచించు. యాంగ్రీ ఒకటి, హంగ్రీ ఒకటి. ………… మాటలు మూడే. మూడోది ఏది?" ఆ చుక్కల దగ్గరే ఏదో జారిపోయింది. చివర "రోజూ వాడేదే, సరిగ్గా విని ఉంటే ఇప్పటికే చెప్పేశాను" అని ఉంటుంది. మా మేనమామ తెలుగులోనే అడిగేవాడు, జవాబు మాత్రం చెప్పేవాడు కాదు.

వట్రుసుడి:
1975లో అమెరికాలో పత్రికలూ రేడియోలూ తిరిగిన పొడుపు అది. మీ చుక్కల్లో ఉండాల్సింది "ద ఇంగ్లిష్ లాంగ్వేజ్". అందులో మాటలు మూడే, మూడోది లాంగ్వేజ్. గ్రీ గోలంతా దారి మళ్లించడానికే.

అరసున్న:
తెలుగులో "ద" ఎక్కణ్ణుంచి వస్తుందండీ? "ఇంగ్లిషు భాష" అంటే రెండే మాటలు. మామయ్య ఏమని ఉంటాడు మరి?

బండిఱ:
ఆ వివరణ తర్వాతెవరో అతికించిందని నా గట్టి అనుమానం. పెద్ద నిఘంటువులు తిప్పితే మూడోదీ ఉంది, నాలుగోదీ ఉంది. అగ్రీ అంటే ఆఫ్రికాలో దొరికే పాతకాలపు రంగుపూస (ఒప్పుకోవడం అనే అగ్రీ వేరు, దాని చివర రెండు ఈలు). పగ్రీ అంటే తలపాగా, మన హిందీ పగ్డీయే దొరల టోపీ మీదికెక్కింది. ఉత్త జీ-ఆర్-వై కూడా మాటే: అంగుళంలో పదో వంతు లైను, లైనులో పదో వంతు ఇది. తత్వవేత్త జాన్ లాక్ వాడిన కొలత. ఇవేవీ రోజూ వాడేవి కావు, నిజమే. కానీ ఆకలి వల్ల వచ్చే కోపానికి హ్యాంగ్రీ అంటున్నారు కదా, దాన్ని 2018లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చేర్చుకున్నారు. మీ మామయ్య కాలజ్ఞాని!

ఇలాంటివి మామూలు నిఘంటువులో దొరకవు, అది మాట తల పట్టుకుని నడుస్తుంది. తోక పట్టుకోవాలంటే మాటల జాబితా ముందేసుకుని, నక్షత్రం గుర్తు పెట్టి పక్కన ఆ మూడూ కొట్టి వెతకాలి. అలా ఆర్, ఎస్, టీ, యూ వరసగా వచ్చే మాట కోసం వెతుకుతుంటే అండర్‌స్టడీ తగిలింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తలకట్టు:
అందరూ అసలు తప్పు వదిలేశారు. "జీ, ఆర్, వై అక్షరాలు" ఏమిటి? గ్రీ ఒక్క అక్షరం. వర్ణాలు అనండి: గ్, ర్, ఈ.

బండిఱ:
కంప్యూటర్ నడగండి, నాలుగంటుంది. గ, పొల్లు గుర్తు, ర, గుడిదీర్ఘం.

తలకట్టు:
దానికి ఛందస్సు తెలీదు. యాంగ్రీ, హంగ్రీ: మొదటివి రెండూ గురువులు, రెండింటా నిండుసున్న, ఆపైన గ్రీకి గ్రీ. ప్రాస శుద్ధంగా కుదిరింది. ప్రాసకి అది ఒకే ముద్ద.

వట్రుసుడి:
యతి దగ్గరికొస్తే ఆ ముద్దే విడిపోతుంది కదా మాస్టారూ. సంయుక్తాక్షరంలో గకారానికైనా వెయ్యొచ్చు, రేఫకైనా వెయ్యొచ్చు.

తలకట్టు:
యతి సంగతి తర్వాత. రాయల ఆస్థాన కవి నంది తిమ్మన్ననే తీసుకోండి, ఆయన పారిజాతాపహరణం చివరి ఆశ్వాసంలోని కందం. "నాయశరగసారవిరయ" అని మొదలై "రవిరసాగరశయనా" అని ఆగుతుంది, అక్కణ్ణుంచి వెనక్కి నడిచినా అదే పద్యం. వెనక్కి తిప్పింది అక్షరాల్ని, వర్ణాల్ని కాదు. వర్ణాలు తిప్పితే "నా" కాస్తా "ఆన్" అవుతుంది, పద్యం పెంకులైపోతుంది. ఇంగ్లిషువాడు వర్ణాలు తిప్పుతాడు, మనం అక్షరాలు తిప్పుతాం. అందుకే ఆ ఆట మనకు ఒక విధంగా కష్టం, ఒక విధంగా సులువు.

వట్రుసుడి:
ఆహా, ఆ కందం! "సుభగదరధీనియమా" దగ్గర నేనెప్పుడూ ఒక్క క్షణం ఆగుతాను.

తలకట్టు:
దరధీ కాదు, ధరధీ. ఒత్తు ఉంది.

వట్రుసుడి:
నా చెవిలో ఒత్తు లేకుండానే ఉంది. పోనీ వెనక సగం చూసి తేలుద్దామంటే అక్కడా అదే అక్షరం అద్దంలో కనిపిస్తుంది. దకారమైతే రెండు చోట్లా ద, ధకారమైతే రెండు చోట్లా ధ. రెండూ లఘువులే కాబట్టి గణమూ సాక్ష్యం చెప్పదు. తిమ్మన్న తలుపు రెండు వైపులా గడియ పెట్టేశాడు.

సున్నితం:
కొంచెం ఆలస్యంగా వచ్చాను. అరసున్న గారూ, మీ మామయ్య "ఈ ఇంగ్లిషు భాషలో మాటలు మూడే" అని ఉంటారు. "ద"కి బదులు "ఈ". మూడోది భాష. సరిపోయింది.

బండిఱ:
సరిపోలేదు. ఈ, ఇంగ్లిషు కలిపి పలికితే యడాగమం వచ్చి "ఈయింగ్లిషు" అవుతుంది. చెవికి ఒక్క మాటే. భాష మళ్లీ రెండోదే.

సున్నితం:
యడాగమం వచ్చేదే సంధి లేని చోట. సంధే లేనప్పుడు రెండూ ఒకటెలా అవుతాయండీ? బాలవ్యాకరణంలో చిన్నయసూరి సూత్రం మొదటి రెండు మాటలు చూడండి: "సంధి లేని".

బండిఱ:
చూశాను. "చెవికి" అన్నాను, మీరూ మొదటి రెండు మాటలు చూడండి.

అరసున్న:
"ఈ" అన్నట్టే లీలగా గుర్తొస్తోంది. కానీ మామయ్యకి ఏ వాక్యమైనా "ఈ…" అని సాగదీసి మొదలుపెట్టే అలవాటుండేది. అది పొడుపులోదో, ఆయనదో.

తలకట్టు:
ధరధీయే. ఇంట్లో పాత అచ్చుప్రతి ఉంది. అట్టపెట్టెల అడుగున ఉంది, రేపు తీస్తాను.