అప్‌డేట్: పొద్దున అరగంట నాకోసం అని అడిగాను కదా

"నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, లేచిన దగ్గర్నుంచి అందరి పనులే, నాకంటూ పొద్దున అరగంట ఎలా దొరుకుతుంది?" అని సంక్రాంతి అయ్యాక అడిగాను. "ముందు నీ కాఫీ వేడిగా తాగమ్మా" అన్నారు ఒక అక్క. అక్కడే మొదలుపెట్టాను.

ఇప్పుడు ఐదున్నరకే లేచి, క్యారేజీల పని ముట్టుకోకముందే పెరటి మెట్టు మీద కూర్చుంటున్నాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే ఆ వేడి వేళ్ల కణుపుల్లోకి దిగుతుంది. ఇరవై ఏళ్లుగా చల్లారిన కాఫీయే తాగానని అప్పుడు తెలిసొచ్చి ఏడుపొచ్చింది.

తర్వాత స్వర్ణాల చెరువు వైపు నడక. వారానికి 150 నిమిషాలు చాలన్నారు డాక్టరమ్మ, అందుకే ఐదు రోజులు, రోజుకి అరగంట. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. ఏదో రోగమని ఎంత టెన్షన్ పడ్డానో! ఈ వయసులో మామూలేనట. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారని కూడా ఆవిడే చెప్పారు. ముందే వెళ్లి అడగాల్సింది.

పగిలిన మడమలకు కొబ్బరినూనె రాసుకుంటుంటే మొదట్లో తప్పు చేస్తున్నట్టే ఉండేది. అత్తయ్య చూసి ఏమీ అనలేదు. మర్నాడు నూనె గోరువెచ్చగా కాచి, చిన్న గిన్నెలో మెట్టు మీద పెట్టారు. నిన్న తన కాళ్లకూ రాశాను.