నల్లరేగడి నేలలో ఇంటి ముంగిలికి స్టాంప్డ్ కాంక్రీటు పనికివస్తుందా?

ప్రశ్న (గుంటూరు శివారు నుంచి)

అందరికీ నమస్కారం. మా కొత్త ఇంటి పని చివరి దశకు వచ్చింది. ప్రహరీకి, ఇంటికి నడుమ దాదాపు 600 చదరపు అడుగుల ఖాళీ స్థలం ఉంది. అందులో కారు నిలిపే చోటు, వీధి గేటు నుంచి మెట్ల దాకా నడక దారి, తూర్పు వైపు సాయంత్రాలు కూర్చునేందుకు కొంత జాగా వస్తాయి. అక్కడ స్టాంప్డ్ కాంక్రీటు, అంటే తడి కాంక్రీటు మీద అచ్చులు నొక్కి రాతి పలకలు పరిచినట్లు కనిపించేలా చేసే గచ్చు, వేయించాలని ఇంట్లో అందరికీ ఉంది. పని చూసి వెళ్లిన కాంట్రాక్టరు మూడు అంగుళాల మందం చాలునని, ఇనుము అవసరం లేదని, ఒక్క రోజులో మొత్తం పోసి అచ్చులు వేసేస్తామని అంటున్నారు. మాది నల్లరేగడి నేల కావడంతో బీటలు వారుతుందేమోనని మొదటి సందేహం. మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు దాటాయి కనుక వానలో జారుతుందేమోనని రెండవ సందేహం. ఈ రెండింటి కన్నా తాండూరు బండలు గాని, పేవర్ బ్లాకులు గాని వేసుకోవడమే మేలేమో పెద్దలు చెప్పగలరు. పని ఏప్రిల్‌లో మొదలుపెట్టాలనుకుంటున్నాము.

సమాధానం (విశ్రాంత సివిల్ ఇంజినీరు, హన్మకొండ)

నమస్కారమండీ. మీ కాంట్రాక్టరు చెప్పిన మూడు మాటల్లో ఏదీ మీ స్థలానికి సరిపోదు. అచ్చు పైపైన కనిపించే అలంకారమే గాని, కింద ఉండేది మామూలు కాంక్రీటు గచ్చే. మామూలు గచ్చును పాడుచేసేవన్నీ దీన్నీ పాడుచేస్తాయి, కాకపోతే ఇక్కడ చెడిన చోట అతుకు వేస్తే రంగు కలవక అతుకు అతుకుగానే కనిపిస్తుంది. అందువల్ల ఖర్చు పెట్టవలసింది ముందుగా నేల మీద.

నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలిక గచ్చుకు తగలకుండా ఉండాలంటే పై మట్టిని కనీసం ఒకటిన్నర అడుగు లోతున తీసివేసి, ఆ చోట మొరం లేదా గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి నింపి పైన మాత్రం రోలరు తిప్పితే అడుగు గుల్లగానే మిగిలిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ మట్టి తేమ మారకుండా చూడడం. డాబా నీటి గొట్టాలు గచ్చు అంచున వదిలేస్తే ఆ మూల మాత్రమే ఉబ్బి పలక పైకి లేస్తుంది. ఇంకుడు గుంతను పునాదికి, గచ్చుకు వీలైనంత దూరంగా తవ్వించండి. గచ్చుకు ఇంటి వైపు నుంచి బయటికి 50కి 1 చొప్పున వాటం ఇవ్వండి, ఎందుకంటే అచ్చు గాళ్లలో నీరు నిలిచే స్వభావం ఉంటుంది కనుక మామూలు గచ్చుకు సరిపోయే వాటం దీనికి చాలదు.

కారు తిరిగే చోట మందం 100 మిల్లీమీటర్లకు (దాదాపు నాలుగు అంగుళాలకు) తగ్గకూడదు. మీ నేలకు 125 పెట్టుకుంటే నాకు ఇంకా తృప్తి. ఎం25 (బలాన్ని బట్టి ఇచ్చే శ్రేణి) కాంక్రీటు అడగండి. 8 మిల్లీమీటర్ల ఊచలు 200 మిల్లీమీటర్ల ఎడంతో జాలీగా కట్టించి, కవర్ బ్లాకుల (ఊచలను ఎత్తిపట్టే చిన్న దిమ్మెల) మీద పలక మందంలో సగానికి కొంచెం పైన నిలబెట్టించండి. ఇనుము పగులును రాకుండా ఆపదు. వచ్చిన పగులును సన్నగా బిగించి పట్టి ఉంచుతుంది. నేల మీద పడుకోబెట్టి, పోసేటప్పుడు కొక్కేలతో పైకి లాగుతామనే మేస్త్రీ మాట నమ్మవద్దు.

పగులు రావడం ఖాయమనుకుని, అది ఎక్కడ రావాలో మనమే నిర్ణయించడం కోసం జాయింట్లు కోస్తాము. 100 మిల్లీమీటర్ల పలకకు రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎడంలో, మందంలో నాలుగో వంతు లోతున, అంటే 25 మిల్లీమీటర్లు, కోత పడాలి. ఏప్రిల్ ఎండలో మరునాటి దాకా ఆగితే పగులు మీకంటే ముందే తన దారి చూసుకుంటుంది. అంచులు రాలకుండా రంపం ఆడేంత గట్టిపడిన వెంటనే, అదే రోజు కోయించండి. కోత గీత అచ్చులోని రాతి అతుకు గీతతో కలిసేలా ముందే కాగితం మీద గీసుకుంటే కంటికి ఆనదు. గోడ, స్తంభం, సంపు మూత ఉన్న చోట గచ్చు వాటికి అంటుకోకుండా 12 మిల్లీమీటర్ల థర్మోకోల్ పట్టీ నిలబెట్టించాలి. ఈ చిన్న పని వదిలేసినందువల్లనే స్తంభాల మూలల నుంచి ఏటవాలుగా చీలిన గచ్చులు ఎన్నో చూశాను.

సమాధానం (అచ్చు కాంక్రీటు పనులు చేయించే కాంట్రాక్టరు, హైదరాబాదు)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, పోసే రోజు గురించి మాత్రం చెబుతాను. 600 చదరపు అడుగులకు 100 మిల్లీమీటర్ల మందంలో సుమారు 5.6 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది. అది ఒక్క రెడీమిక్స్ బండిలో వచ్చేస్తుంది కనుకనే ఒక్క రోజులో అయిపోతుందని మీ కాంట్రాక్టరు అన్నారు. బండి ఖాళీ కావడం వేరు, అచ్చు పడడం వేరు. పోసి, బద్ద లాగి, పైకి తేలిన నీరు ఆరాక పైపొరకు రంగును, గట్టిదనాన్ని ఇచ్చే హార్డెనరు పొడిని రెండు దఫాలుగా చల్లి తాపీతో రుద్ది, దాని మీద అచ్చు అంటుకోకుండా చేసే రిలీజ్ పొడి చల్లి, అప్పుడు అచ్చు మోపాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే నాలుగైదు మిల్లీమీటర్లు దిగి, వేలికి కాంక్రీటు అంటుకోకపోతే అదే అదను. వేసవిలో ఆ అదను చాలా తొందరగా దాటిపోతుంది. నలుగురు మనుషులు ఒక చివర అచ్చులు వేస్తుండగానే రెండో చివర బిగుసుకుంటుంది. అప్పుడు కాంక్రీటు మీద నీళ్లు చిలకరించి మెత్తబరిచి కొడతారు, ఆ పైపొర తర్వాత పొరలుగా రాలుతుంది. అందువల్ల స్థలాన్ని ఒక జాయింటు దగ్గర రెండుగా విడదీసి రెండు రోజుల్లో పోయించండి, తెల్లవారక ముందే బండి రప్పించండి. వీలుంటే నవంబరు దాకా ఆగమని నా సలహా.

రంగు పొడి లెక్క కూడా అడిగి రాయించుకోండి. చదరపు మీటరుకు మూడు కిలోల చొప్పున మీ స్థలానికి సుమారు 165 కిలోలు పట్టాలి. అందులో సగంతో సరిపెట్టిన చోట టైరు తిరిగిన జాడల్లో బూడిద రంగు కాంక్రీటు బయటపడుతుంది. ఐరన్ ఆక్సైడు రంగులైతే ఎండకు నిలుస్తాయి. ముదురు బొగ్గు రంగు ఫొటోలో బాగుంటుంది గాని మే నెల మధ్యాహ్నం చెప్పులు లేకుండా దాని మీద కాలు మోపలేరు. లేత ఇసుక రంగో తాండూరు పసుపు ఛాయో ఎంచుకోండి.

ప్రశ్న అడిగిన వారి మరుమాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. క్యూరింగ్‌కు (గచ్చును తడిగా ఉంచడానికి) మామూలుగా చుట్టూ మట్టికట్టలు కట్టి నీరు నిలపవచ్చునా? మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. జారడం గురించి కూడా దయచేసి చెప్పగలరు. వీధి గేటు దగ్గర రోజూ కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే అలవాటు ఉంది.

సమాధానం (హన్మకొండ ఇంజినీరు)

రంగు గచ్చు మీద మట్టికట్టలు కట్టవద్దు, మట్టి మరక శాశ్వతంగా ఉండిపోతుంది. గోనె సంచులు కూడా రంగు వదులుతాయి. రెండో రోజో మూడో రోజో రిలీజ్ పొడిని కడిగేవరకు నీడ పట్టి, ఆరిపోకుండా సన్నని తుంపర కొట్టించండి. కడిగాక తెల్లటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి తడుపుతూ ఉండండి. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు, పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) వంటి మిశ్రమ సిమెంటు అయితే 14 రోజులు తడపాలని కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 (2000) చెబుతుంది. ఉప్పు బోరు నీటితో తడిపితే గచ్చు మీద తెల్లటి పొర కట్టి రంగంతా వెలిసినట్లు కనిపిస్తుంది కనుక, కలపడానికీ తడపడానికీ మునిసిపల్ నీటి ట్యాంకరు తెప్పించడం మంచిది. నీటి సంగతి ఎలా ఉన్నా, సిమెంటులోని సున్నం పైకి వచ్చి గాలితో కలిసి తెల్లబడడం కొంత సహజమే. అది తగ్గాకే, కనీసం 28 రోజుల తర్వాతే, సీలరు (పైన వేసే రక్షణ పూత) వేయించండి.

జారడానికి అసలు కారణం అచ్చు కాదు, ఆ సీలరే. మెరుపు కోసం దళసరిగా రెండు మూడు పూతలు వేస్తే తడిసినప్పుడు ఎవరైనా జారిపడతారు. పలుచటి, మెరుపు లేని మ్యాట్ సీలరు ఒకటి, దానిలో జారకుండా చేసే సన్నని గ్రిప్ పొడి కలిపించి వేయించండి. అమ్మగారు నడిచే దారికి లోతైన బండరాతి అచ్చు వద్దు, కాలి మడమ గాళ్లలో తట్టుకుంటుంది. చర్మంలా పైపైన గరుకు మాత్రమే వచ్చే సన్నని అచ్చు చాలు.

ముగ్గు సంగతి అడిగినందుకు సంతోషం, ఎందుకంటే దాన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. ముగ్గు పిండి గాళ్లలో దిగితే బ్రష్షు పెట్టినా పూర్తిగా రాదు. గేటు ముందు నాలుగైదు అడుగుల మేర అచ్చు లేకుండా, తాండూరు బండలు గాని, నున్నని గచ్చు గాని వేయించండి.

మాట (డల్లాస్‌లో ఉంటున్న ఒక తెలుగువారు)

ఇక్కడి నేల కూడా మీ నల్లరేగడి లాగానే ఉబ్బి కుంగే బంకమట్టి. మా పెరటి వసారాకు ఇదే కాంక్రీటు ఉంది. రెండు మూడేళ్లకోసారి మళ్లీ సీలరు వేయించక తప్పదు; పాత పూత గీకకుండా పూత మీద పూత వేస్తూ పోతే కింద తేమ చిక్కుకుని పాలపొరలా తెల్లబడుతుంది. కారు వేడి టైర్లకు యాక్రిలిక్ సీలరు అంటుకుని లేచివస్తుంది కనుక, కారు నిలిపే చోటికి పైన పొర కట్టని, లోపలికి ఇంకే రకం అడగండి.

సమాధానం (హైదరాబాదు కాంట్రాక్టరు)

తాండూరు బండా, పేవరా, ఇదా అన్న ప్రశ్న మిగిలిపోయింది. గచ్చు కింద ఏయే గొట్టాలు పోతున్నాయో చూసి తేల్చుకోండి. మురుగు గొట్టం, బోరు కేబులు వెళ్లే వరుసలో 80 మిల్లీమీటర్ల పేవర్లు పరిస్తే ఎప్పుడైనా ఎత్తి మళ్లీ పెట్టవచ్చు. పైగా నేల కొంచెం కదిలినా అవి సర్దుకుంటాయి. నాకైతే కారు నిలిపే చోట పేవర్లు, నడక దారికి, కూర్చునే జాగాకు మాత్రం అచ్చు కాంక్రీటు సబబు అనిపిస్తున్నది. అచ్చు వేసే చోట ఇప్పుడు అవసరం లేకపోయినా రెండు ఖాళీ పీవీసీ గొట్టాలు అడ్డంగా పాతించి, రెండు చివరలు మూయించి, వాటి చోటు ఫొటో తీసి ఉంచుకోండి. ఒప్పందం రాసుకునే ముందు మీ పెరట్లోనే మీటరు పొడవు, మీటరు వెడల్పున అదే రంగుతో, అదే అచ్చుతో, అదే సీలరుతో ఒక నమూనా పలక పోయించి, ఆరాక దాని మీద నీళ్లు పోసి అమ్మగారిని చేయి పట్టుకుని నడిపించి చూడండి. మిగతా పనికి ఆ పలకే కొలమానమని కాగితంలో రాయించండి.