గూఢచారి నాటకంలో అసలు సంగతి ఎప్పుడు బయటపెట్టాలి? సలహా ఇవ్వండి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడి తెలుగు కుర్రాళ్ల కోసం రెండో ప్రపంచ యుద్ధం మీద ఒక నాటకం రాస్తున్నాను. కథానాయకుడు బెర్లిన్ రేడియోలో నాజీల తరఫున ప్రసంగాలు చదువుతాడు, ఆ మాటల్లోనే మిత్రపక్షాలకు సంకేతాలు పంపుతుంటాడు.

అతని సమాచారం కొన్ని ప్రాణాలు కాపాడింది, సరే. కానీ ఆ విషపు మాటలు నమ్మి పక్కింటివాణ్ణి ద్వేషించినవాళ్ల సంగతేంటి? అలాంటి ప్రసంగాలే చేసిన విలియం జాయిస్‌ను బ్రిటన్ 1946లో ఉరితీసింది. అతను గూఢచారేమీ కాదు. మరి మావాడికి ఏ శిక్ష న్యాయం?

గూఢచారి అని మొదటే చెప్పేస్తే ప్రేక్షకులకు జాలి పుట్టేస్తుంది, ప్రసంగాలు గుచ్చుకోవు. చివర్లో చెబితే అన్నీ మాఫీ అయినట్టుంటుంది. నాకైతే మధ్యలో చెప్పి, ఆ తర్వాత కూడా ఒక దారుణమైన ప్రసంగం పెట్టాలనుంది. రంగస్థల అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఇది నిలబడుతుందా?

ఇంకొకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది. ఆ రోజుల్లో మనవైపు ఎలాంటి పుకార్లు తిరిగాయో మీ ఇంటి పెద్దలు చెప్పగా విని ఉంటే దయచేసి రాయండి. రెండో అంకానికి అవి చాలా అవసరం.