మెయిన్ ఆపినా టెస్టరు వెలిగింది: పెరటి పనిలో కరెంటు జాగ్రత్తల గురించి

ప్రశ్న (గోపాలపట్నం):
అందరికీ నమస్కారం. పెరట్లో తులసికోట దగ్గర లైటు పెట్టుకోవాలని మొన్న ఆదివారం మెయిన్ ఆపి, వరండాలోని స్విచ్‌బోర్డు మూత విప్పాను. అలవాటు కొద్దీ టెస్టరు ఆనించి చూస్తే ఒక వైరు దగ్గర అది వెలిగింది. భయం వేసి వెంటనే మూత బిగించేశాను. మెయిన్ ఆపాక కూడా కరెంటు ఎలా వచ్చింది? ఇంకొక సందేహం కూడా ఉంది. మా ప్రహరీని ఆనుకొని 11 కేవీ లైను వెళుతోంది. కొబ్బరికాయలు కోయడానికి ఇనుప గొట్టంతో దోటి చేయించాం. తీగకు తగలకుండా చూసుకుంటే సరిపోతుందా?

జవాబు (ఎలక్ట్రీషియన్, గాజువాక):
మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే కారణం చాలావరకు అదే అయి ఉంటుందండి. మీరు మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకొని అది బ్యాటరీ నుంచి లైట్లకు, ఫ్యాన్లకు 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. కాబట్టి దాన్ని కూడా ఆపాలి. టెస్టరునూ గుడ్డిగా నమ్మవద్దు. కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి అది వెలుగుతోందని చూసుకొన్న తరువాతే వైరును పరీక్షించి, ఆపైన మళ్లీ అదే సాకెట్లో చూడండి.

పెరటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి. ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) ఉందిగా అని చాలామంది అంటారు గానీ, అది వైరు మాడిపోకుండా కాపాడేదే. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకు అది పడిపోదు. ఉప్పుగాలికి మన విశాఖలో ఎర్త్ తీగ బిగింపులు తుప్పు పట్టి వదులైపోతాయి, వాటిని కూడా చూపించుకోండి.

జవాబు (విశ్రాంత లైన్‌మన్, పెందుర్తి):
బాబూ, ఆ ఇనుప దోటిని ఈ రోజే పక్కన పెట్టేయండి. 11 కేవీ అంటే 11,000 వోల్టులు, పైగా తొడుగు లేని తీగ. అది తగలకపోయినా, బాగా దగ్గరికి వెళితే చాలు, గాలిలోంచే కరెంటు దూకుతుంది. మీ ఇంటి ఆర్‌సీసీబీకి ఆ లైనుతో సంబంధమే లేదు. పచ్చి వెదురైనా, తడిసిన కొబ్బరి మట్టయినా ప్రమాదమే. కరెంటు ఆఫీసు వాళ్ల 1912కు ఫోన్ చేయండి. మా వాళ్లు ఎల్‌సీ (లైను క్లియర్, అంటే లైను ఆపి పని చేయడానికి అనుమతి) తీసుకొని, లైను ఆపి, ఎర్త్ చేసిన తరువాతే ఆ పక్క మట్టలు కొట్టించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు తెగిన లైన్లు సరిచేస్తూ మేము ఎక్కువ భయపడింది ఇళ్లలోని జనరేటర్లకే. మెయిన్ ఆపకుండా జనరేటరు వైరును సాకెట్లో గుచ్చితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు మీదుగా వెనక్కి వెళ్లి మళ్లీ వేల వోల్టులవుతుంది, స్తంభం మీద ఉన్నవాడి ప్రాణం తీస్తుంది. దయచేసి ఎవరూ అలా చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్వర్టరు ఆపి చూస్తే టెస్టరు వెలగలేదు. దోటిని విప్పేశాను, రేపు ఉదయం 1912కు ఫోన్ చేస్తాను. ఆర్‌సీసీబీ బిగించేదాకా పెరటి లైటు పని మొదలుపెట్టను.