ఇంట్లో వంట ఒక్కటే, మరి ఇద్దరికీ ఒకే డైట్ ప్లాన్ చాలా?

ప్రశ్న:
మా వారికి 35 ఏళ్లు, 85 కిలోలు, 175 సెం.మీ. నాకు 33 ఏళ్లు, 65 కిలోలు, 160 సెం.మీ. ఇద్దరివీ కూర్చుని చేసే ఉద్యోగాలే. కొవ్వు తగ్గాలి, కండ మాత్రం తగ్గకూడదు. డైటీషియన్ దగ్గరికి కలిసే వెళ్లాలనుకుంటున్నాం. ఇద్దరికీ ఒకే ప్లాన్ అడగొచ్చా? రెండు వంటలు చేసే ఓపిక లేదు. మార్పు వస్తోందో లేదో దేన్ని బట్టి చూడాలి?

జవాబు 1:
వంట ఒకటే చాలండి, కొలతలే వేరు. విశ్రాంతిలో ఒంటికి రోజుకు ఎన్ని కేలరీలు కావాలో అంచనా వేసే మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రం ప్రకారం కిలోలను 10తో, సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేయాలి. ఆ తర్వాత మగవాళ్లకు 5 కలపాలి, ఆడవాళ్లకు 161 తీసేయాలి. విశ్రాంతిలో ఆయనకు సుమారు 1,774 కేలరీలు, మీకు 1,324 వస్తాయి. కూర్చునే పని, కొద్దిపాటి వ్యాయామం ఉంటే 1.4తో గుణించండి, అది రోజు మొత్తం ఖర్చు. దాంట్లో 15–20 శాతం తగ్గిస్తే ఆయనకు 2,000–2,100, మీకు 1,500–1,575. ఇది అంచనా మాత్రమే, మూడు నాలుగు వారాల ఫలితం చూసి డైటీషియన్ సవరిస్తారు. ఇద్దరికీ ఒకే అంకె రాసిచ్చేవాళ్లయితే వేరొకరిని చూసుకోండి.

ప్రోటీన్ కిలోకు 1.6 గ్రాముల లెక్కన ఆయనకు 136, మీకు 104 గ్రాములు. మూడు పూటలకూ సర్దుకోండి. రాత్రికి మిగిల్చుకుంటే అంత ఒక్కసారే తినడం కష్టం, చివరికి లోటు పడేది అక్కడే.

ఇక వడ్డన. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి రాసి పెట్టుకోండి. పచ్చి సరుకులన్నీ తూచి కేలరీలు కూడండి, 1,500 వచ్చాయనుకుందాం. వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. 1,200 గ్రాములు మిగిలితే 100 గ్రాములకు 125 కేలరీలు. ఆయనకు 360 గ్రాములు వడ్డిస్తే 450, మీకు 260 వడ్డిస్తే 325.

ఎక్కువమంది తప్పు చేసేది నూనె దగ్గర. ఒక టేబుల్ స్పూను దాదాపు 14 గ్రాములు, అంటే 120 కేలరీల పైమాటే. సీసా నుంచి నేరుగా వంపితే రెండు స్పూన్లు ఇట్టే దాటిపోతాయి. సీసాను తూకం మీద పెట్టి సున్నా చేసి, వంపాక మళ్లీ పెట్టండి, ఎంత తగ్గిందో అదే వాడిన నూనె. ఇంకో పొరపాటు, వండిన ఆహారాన్ని తూచి పచ్చి సరుకు కేలరీలు రాసుకోవడం. ధాన్యం నీళ్లు పీల్చుకుని బరువు పెరుగుతుంది, మాంసం నీరు వదిలి తగ్గుతుంది, దాంతో లెక్క మొత్తం తలకిందులవుతుంది.

జవాబు 2:
కొలతల గురించి. రోజూ పొద్దున్నే, బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు బరువు చూసుకుని వారం సగటు తీయండి. వారానికి బరువులో 0.5 శాతం నుంచి 1 శాతం లోపు తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గితే కండ పోయే ప్రమాదం ఎక్కువ. మొదటి వారం ఒక్కసారిగా తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరు. కండరాల్లోని గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం) గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది.

మీ అంకెల్ని ఆయన అంకెలతో పోల్చకండి. నెలసరికి ముందు నీరు చేరి బరువు పెరగొచ్చు. అందుకే ఈ నెలసరి అయిన వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చండి.

కొవ్వు శాతం చూపించే ఇంటి మిషన్లు ఒంట్లో నీటిని బట్టి అంకె మార్చేస్తాయి. రెండు వారాలకోసారి నడుం కొలవడం మేలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో టేపు అడ్డంగా పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. బరువు కదలకుండా నడుం తగ్గుతుంటే ప్లాన్ మార్చాల్సిన పని లేదు.

జవాబు 3:
పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. కండ నిలవాలంటే తిండి ఒక్కటే సరిపోదు, వారానికి కనీసం రెండుసార్లు బరువులతో వ్యాయామం ఉండాలి. కన్సల్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఎవరి తిండి పట్టిక వాళ్లు విడిగా రాసి తీసుకెళ్లండి, మూడు రోజులది, అందులో ఒకటి సెలవురోజు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా కేలరీలు తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి. షుగరు మందుల మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బుంటే ఎంత ప్రోటీన్ తినాలో డాక్టరే తేల్చాలి.