మచ్చలకు ప్రొబయోటిక్ క్రీమ్ పనిచేస్తుందా?

ప్రశ్న: మొటిమలు మానాక బుగ్గల మీద గుంటలు మిగిలాయి. గడ్డం కింద పాత గాటు ఉబ్బెత్తుగా ఉంది. లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియాతో చేసిన ప్రొబయోటిక్ క్రీమ్ రాస్తే రెండూ తగ్గుతాయా?

జవాబు 1: గుంటలు పూడవండి. అక్కడ కొలాజెన్ (చర్మాన్ని నిలిపి ఉంచే ప్రోటీన్) తగ్గిపోయింది, క్రీములోని బ్యాక్టీరియా దాన్ని తిరిగి కట్టదు. మేలు చేసే బ్యాక్టీరియా పనంతా మచ్చ పడకముందే. చర్మం మీద మామూలుగానే ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా కణగోడలోని లైపోటైకోయిక్ ఆమ్లం అనే పదార్థం గాయం దగ్గర వాపును అదుపు చేస్తుందని 2009లో ఎలుకల మీద చూపించారు. వాపు ఎన్నాళ్లు సాగితే మచ్చ అంత మొండిది. అయితే అదే బ్యాక్టీరియా లోపలికి, ముఖ్యంగా కాథెటర్ల (ఒంట్లోకి పెట్టే వైద్య గొట్టాల) మీదికి, చేరితే ఇన్ఫెక్షనే! అందుకే తెరిచిన గాయం మీద పెరుగు పూయడం లాంటివి వద్దు.

జవాబు 2: ముందు లేబుల్ చదవండి. 'లైసేట్' (పగలగొట్టిన బ్యాక్టీరియా), 'ఫెర్మెంట్ ఫిల్ట్రేట్' (పులియబెట్టి వడకట్టిన ద్రవం) అని ఉంటే బతికున్న బ్యాక్టీరియా లేనట్టే. క్రీమ్ చెడిపోకుండా వేసే ఫినాక్సీఇథనాల్ కలిపిన డబ్బాలో అవి బతకడమూ కష్టమే. ఎరుపు, పొడిదనం కాస్త తగ్గొచ్చు, అంతకుమించి ఆశపడొద్దు. ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రాసి చూడండి.

జవాబు 3: ఉబ్బిన మచ్చకు, దాని మీద అంటించే సిలికాన్ షీట్ మేలు. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, 2-3 నెలలు. షీటునూ చర్మాన్నీ రోజూ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. లేకపోతే చెమటకు దద్దుర్లు లేస్తాయి, చాలామంది అక్కడే మానేస్తారు. గుంటలకు డాక్టర్ దగ్గర మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స) చేయించుకోవచ్చు. ఆ రోజు మాత్రం ప్రొబయోటిక్ క్రీమ్ రాయకండి, సూది రంధ్రాల్లోంచి లోపలికి దిగితే గ్రాన్యులోమా అనే వాపు గడ్డలు కట్టే ప్రమాదం ఉంది.