ఐయూఐ చాలా, నేరుగా ఐవీఎఫ్‌కి పోవాలా?

కావలి కోడలు:
పిల్లల కోసం నెల్లూరులో చూపించుకుంటున్నాం. డాక్టరమ్మ ముందు ఐయూఐ, అంటే వీర్యాన్ని గొట్టంతో గర్భసంచిలోకి పంపడం, చేద్దామంటున్నారు. మా ఆడబిడ్డేమో అదంతా డబ్బు దండగ, ఐవీఎఫ్‌కే (గుడ్డునీ వీర్యాన్నీ ల్యాబ్‌లో కలిపి, పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) పొమ్మంటోంది. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

కందుకూరు అక్క:
అమ్మాయ్, గర్భసంచి ట్యూబుల ఎక్స్‌రే అయిందా? హెచ్‌ఎస్‌జీ అంటారు. మందు ఎక్కించేటప్పుడు పొత్తికడుపు మెలిపెడుతుంది, కాసేపే. రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐయూఐ ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. ఒక్కటి తెరుచుకునున్నా వీలుంది. నాకు ఒక్కటే బాగుండేది, మా పాప ఇప్పుడు బడికి పోతోంది.

ఒంగోలు ల్యాబ్ తమ్ముడు:
ఐయూఐకి వీర్యం శాంపిల్‌ని ఉన్నదున్నట్టు వాడరు. కడిగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, చురుగ్గా కదిలే వీర్యకణాలను వేరుచేస్తాం. చివరికి మిగిలేది అర మిల్లీలీటరు అటూ ఇటూ. దాన్ని సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపిస్తారు. కడగకుండా పంపితే విపరీతమైన నొప్పి వస్తుంది. పాత పద్ధతి ఐసీఐలో గర్భసంచి ముఖద్వారం దగ్గరే వదిలేస్తారు, దానికి కడగక్కర్లేదు. కడిగాక కదిలే కణాలు 50 లక్షల కన్నా తక్కువుంటే ఐయూఐ మీద పెద్దగా ఆశ పెట్టుకోరు. అప్పుడు ఇక్సీ, అంటే ఒక్కో గుడ్డులోకి ఒక్కో కణాన్ని సూదితో ఎక్కించడం.

కావలి కోడలు:
ట్యూబులు బాగున్నాయి. మావారే వీర్యం టెస్టుకి రానంటున్నారు. అత్తగారు "మగోడికేం లోపం" అంటారు.

పొదిలి బావ:
చెల్లెమ్మా, మీ ఆయనకి నా మాటగా చెప్పు. సూది లేదు, కోత లేదు. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే. ఇంటి నుంచి తెస్తే గంటలోపు వెచ్చగా చేర్చాలంటారు. పొదిలి నుంచి ఒంగోలు బస్సులో అది జరిగే పనేనా! ల్యాబ్‌లోనే ఇచ్చా. గది తలుపుకి గడియ సరిగ్గా పడలేదు, అదొక్కటే ఇబ్బంది.

నెల్లూరు వదిన:
ఐయూఐలో అసలు సంగతంతా టైములో ఉంది. గుడ్డు పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు, స్కాన్లు, గుడ్డు సంచి 18-20 మిల్లీమీటర్లకొస్తే గుడ్డు విడుదలవడానికి హెచ్‌సీజీ ఇంజెక్షన్, ఆ తర్వాత 24 నుంచి 36 గంటల్లో ఐయూఐ. నెలకి నూటికి పది, మహా అయితే ఇరవై మందికి నిలుస్తుంది. ఒకసారికే నిలవలేదని ఏడవొద్దు. నీకు ముప్పై అయిదు దాటితే మాత్రం నెలల తరబడి దీన్నే పట్టుకు కూర్చోకు, ఐవీఎఫ్ మాట ఇప్పుడే అడుగు.

కావలి కోడలు:
ఇరవై తొమ్మిదే వదినా. సోమవారం ఆయన్ని తీసుకునే వెళ్తా. పొదిలి అన్నయ్య రాసింది చదివించా, గడియ దగ్గర నవ్వేశారు.